ఓడినవాళ్లకూ బత్తెం

కోటప్పకొండ తిరునాళ్లకు విద్యుత్ దీపాలతో ఎత్తైన ప్రభ కట్టే ఊళ్లో మహాశివరాత్రి దగ్గరపడుతుంటే రెండు లెక్కలు నడుస్తాయి. ప్రభ ఎన్ని అడుగులు లేపాలి, దాని ముందు స్టేజీ మీద ఎవర్ని ఆడించాలి. రెండోది తేలగానే ఫ్లెక్సీ లేస్తుంది. నలుగురు డాన్సర్ల ఫొటోలు, పేర్ల పక్కన ఫలానా టీవీ షో ‘ఫేం’ అని పెద్దక్షరాలు. బేరం ముందే కుదురుతుంది, అడ్వాన్సు ముందే ముడుతుంది, మిగతాది చేతిలో పడేదాకా ట్రూపు మేనేజరు ఊరు దాటడు. మరి అదే మనిషి టీవీలో వారాల తరబడి ఆడితే ఏం దక్కింది? అదీ ఫ్లెక్సీ మీదే రాసి ఉంది: ఫేం.

ఆ కొండకు దగ్గర్లోని నరసరావుపేటలో మేడల మీద అద్దె గదుల్లో డాన్సు నేర్పే మాస్టర్లు, వాళ్ల దగ్గర నేర్చుకునే పిల్లలు, ఆ పిల్లల్ని వెంటబెట్టుకుని రాత్రి బస్సులో పిడుగురాళ్ల మీదుగా హైదరాబాదు ఆడిషన్లకు వెళ్లే అమ్మానాన్నలు, రెండు రౌండ్లకే ఇంటిదారి పట్టినవాళ్లు. వీళ్ల తరఫున రాసిన ప్రణాళిక ఇది. సంఘానికి ఇంకా పేరు పెట్టలేదు. పేరు పెడితే అధ్యక్షుడెవరన్న పేచీ మొదలవుతుంది, అది తేలేలోపు ఇంకో సీజన్ అయిపోతుంది. వీళ్లందరూ ఒప్పుకున్న మాట ఒక్కటే. టీవీ పోటీలో ఆడటం పని. పనికి కూలి ఉండాలి, వేళ ఉండాలి, మర్యాద ఉండాలి.

టీవీ మీద కోపంతో రాసింది కాదిది. జీ తెలుగులో ఓంకార్ ‘ఆట’, 2009లో ఈటీవీలో మొదలైన ‘ఢీ’ రాకపోతే ఇక్కడ సగం డాన్సు గదులు తెరుచుకునేవే కావు. శేఖర్ మాస్టర్‌లాంటి వాళ్లు ‘ఢీ’ నుంచి సినిమా పాటలకు వెళ్లారని చూసి పిల్లలు గదుల్లో చేరారు. ఆ రుణం ఎవరూ కాదనడం లేదు. రుణం తీర్చుకోవడానికి ఒళ్లు హూనం చేసుకోవాలా అన్నదే ప్రశ్న.

నరసరావుపేటకు పోటీలు కొత్త కావు. భువనచంద్ర టౌన్‌హాలు ఉన్న ఊరు, రంగస్థలి నాటక పోటీలు చూసిన ఊరు. నాటక పరిషత్తుల్లో పాత పద్ధతి ఒకటుంది. ఎంపికై వచ్చిన ప్రతి సమాజానికీ ప్రదర్శన పారితోషికం ఇస్తారు, బహుమతి వచ్చినా రాకపోయినా. న్యాయనిర్ణేతలు ముందు వరుసలో కూర్చుని కాగితం మీద మార్కులు వేసుకుంటారు. తెర పడగానే నటుణ్ణి నిలబెట్టి మైకులో కడిగేసే ఆచారం లేదు. ఫలితాలు పోటీలు ముగిశాకే. ఆ పారితోషికం వ్యాను కిరాయికీ మేకప్పుకూ చాలదని సమాజాలవాళ్లు గొణుగుతూనే ఉంటారు, ఆ గొణుగుడులో న్యాయం ఉంది. అయినా పోటీ పెట్టినవాడే ఓడినవాడి ఖర్చు కూడా భరించాలన్న సూత్రం అక్కడ ఉంది. చందాలు ఎత్తి నడిపే పరిషత్తు పాటించే సూత్రం, ప్రకటనల మీద నడిచే ఛానెల్‌కు బరువు కాకూడదు.

అందుకే ఈ ప్రణాళికలో మొదటి మాట బత్తెం. ఆడిషన్‌లో ఎంపికై సెట్‌కు పిలిచిన రోజు నుంచి ఎలిమినేట్ అయ్యే రోజు దాకా ప్రతి రోజుకూ బత్తెం, రానుపోను ఛార్జీలు, పడుకోవడానికి చోటు. కంటెస్టెంట్‌కే కాదు, వెనక వరుసలో ఆడే గ్రూప్ డాన్సర్లకు కూడా. కాస్ట్యూమ్, ప్రాపర్టీ, గ్రూపు ఖర్చుల కింద కొరియోగ్రాఫర్‌కు ఎంత ఇస్తున్నారో, దాటితే ఎవరు పెట్టుకోవాలో ముందే రాసివ్వాలి. ‘బాగా చెయ్యి, తర్వాత చూసుకుందాం’ అన్న మాట మీద అప్పు తెచ్చే రోజులు పోవాలి.

ఈ మాట దగ్గర నెల్లూరు గుర్తుకు రాక మానదు. 2023 ఏప్రిల్ 30న ‘ఢీ’ కొరియోగ్రాఫర్ చైతన్య మాస్టర్ అక్కడ ప్రాణం తీసుకున్నారు. అప్పుల ఒత్తిడి తట్టుకోలేకపోతున్నానని ఆయన చివరిగా పెట్టిన వీడియోలో ఉంది. ‘ఢీ’ పేరు తెచ్చింది గానీ సంపాదన తక్కువ అన్న మాటా ఉంది. ఒక చావుకు ఒకే కారణం అంటగట్టడం తప్పు, ఒక కార్యక్రమాన్ని బోనులో నిలబెట్టడమూ తప్పు. కానీ తెలుగు ఇళ్లన్నీ ముఖం గుర్తుపట్టే మనిషి, పేరుకీ సంపాదనకీ మధ్య అంత దూరం ఉందని చెప్పి వెళ్లిపోయారు. రెండు రోజులు ఛానెళ్లు ఆ వీడియో తిప్పాయి. ఆ తర్వాత ఆ దూరం ఎంతో కొలిచినవాళ్లు కనిపించలేదు.

రెండోది జడ్జిమెంటు. ఆట అయిపోయింది, కుర్రాడు రొప్పుతూ నిలబడ్డాడు. జడ్జి పెన్ను కింద పెడతారు. కెమెరా దగ్గరికి వెళుతుంది. ఒక ఉరుము. తల్లి ముఖం. ఇంకో ఉరుము. కుర్రాడి ముఖం, చెమట కణత మీంచి గడ్డం దాకా దిగుతోంది. మూడో ఉరుము, ప్రకటనలు. వచ్చాక జడ్జి అన్నది ‘బాగుంది నాన్నా, ల్యాండింగ్ చూసుకో’ అనే కావచ్చు. ప్రోమోలో మాత్రం ఆ ల్యాండింగే మూడుసార్లు పడిపోతుంది. ఇంత పిండడం దేనికంటే, ఎనిమిదిన్నరకు జనం రిమోటు తీయకుండా ఉండటానికి.

ఆ పిండడం ఎక్కడిదాకా పోతుందో 2008లో దేశమంతా చూసింది. కోల్‌కతాలో ఒక బెంగాలీ డాన్సు రియాలిటీ షోలో జడ్జిలు మందలించిన తర్వాత 16 ఏళ్ల అమ్మాయి మాట పడిపోయి, కాళ్లూ చేతులూ కదలని స్థితిలో ఆస్పత్రి పాలైంది. బెంగళూరు నిమ్హాన్స్ దాకా తీసుకెళ్లారు. అప్పుడు కేంద్రంలో స్త్రీ శిశు సంక్షేమ మంత్రిగా ఉన్నది మన ఖమ్మం ఎంపీ రేణుకా చౌదరి. పిల్లల రియాలిటీ షోలకు కట్టుబాట్లు ఉండాలన్న చర్చ అలా మొదలై, జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2010-11లో మార్గదర్శకాలు తెచ్చింది. 2019 జూన్ 18న సమాచార ప్రసార శాఖ ఇంకో సలహా పంపింది, డాన్సు షోల్లో పిల్లల్ని అసభ్యంగా, వయసుకు మించిన హావభావాలతో చూపించవద్దని. సలహాలకు కొదవ లేదు. 2023 జూలైలో సోనీ ‘సూపర్ డాన్సర్’ జడ్జిలు ఒక చిన్నపిల్లాణ్ణి అమ్మానాన్నల గురించి అడగరాని ప్రశ్నలు అడిగారని బాలల కమిషన్ నోటీసు ఇవ్వాల్సి వచ్చింది.

పాటల పోటీలోనూ ఇదే గోల. 1996లో బాలసుబ్రహ్మణ్యం మొదలుపెట్టిన ‘పాడుతా తీయగా’ అంటే తప్పు చెప్పడానికి కూడా ముందు ఒక మెచ్చుకోలు మాట వెతికే పెద్దమనిషి గుర్తొస్తారు. అదే వేదిక మీద తన శరీరం గురించి మాటలన్నారనీ, నచ్చని చీరకట్టు కట్టమన్నారనీ, తీర్పుల్లో పక్షపాతం ఉందనీ 2025 ఏప్రిల్‌లో గాయని ప్రవస్తి ఆరాధ్య బయటికొచ్చి చెప్పింది. నిర్మాణ సంస్థ కాదంది. ఎవరిది నిజమో తేల్చే బాధ్యత ఈ ప్రణాళిక నెత్తిన వేసుకోదు. కానీ తేల్చే చోటు ఒకటి లేకపోవడం వల్లే ఆ గొడవంతా యూట్యూబులో నడిచిందన్నది మాత్రం కళ్లముందు ఉంది.

కాబట్టి వీళ్లు కోరేది ఇది. జడ్జి ఆటను విమర్శించవచ్చు, ఎంత గట్టిగానైనా. రంగు, లావు, కులం, ఊరు, యాస, ఇంటి పేదరికం జోలికి పోకూడదు. స్కిట్‌లో కూడా. పల్నాడు నుంచి వచ్చాడనగానే చేతికి కత్తిచ్చి బాంబుల పంచ్ వేయించే అలవాటు మానుకోవాలి. ఏడుపును ప్రోమోకు వాడాలంటే ఏడ్చిన మనిషిని అడిగి వాడాలి.

పిల్లల విషయంలో కొత్తగా కోరేదేమీ లేదు, ఉన్న చట్టం చాలు. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనలు చదివితే ఇంత స్పష్టంగా ఉన్నాయా అనిపిస్తుంది. 14 ఏళ్లు నిండని పిల్లల చేత రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులు మించకూడదు. షూటింగ్ జరిగే జిల్లా కలెక్టరు దగ్గర నిర్మాత అనుమతి తీసుకోవాలి. ఐదుగురు పిల్లలకు ఒకరు చొప్పున బాధ్యులుండాలి. పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం జాతీయ బ్యాంకులో వాళ్ల పేరున డిపాజిట్ చెయ్యాలి. ఇక్కడి అమ్మానాన్నల్లో ఈ 20 శాతం మాట విన్నవాళ్లు ఎంతమందో అడిగి చూడాలి. పొద్దున్నే మేకప్ వేసి, అర్ధరాత్రి దాటాక ఫ్లోర్ మీదికి పిలిస్తే ఆ 5 గంటలు ఎక్కణ్ణుంచి లెక్కపెడతారో కూడా. వీళ్ల లెక్కలో పిల్ల సెట్ గేటు లోపల అడుగుపెట్టిన నిమిషం నుంచే.

ఇక తలుపు.

2024 సెప్టెంబర్‌లో పేరున్న కొరియోగ్రాఫర్ జానీ మాస్టర్‌ను సైబరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. ఆయన దగ్గర అసిస్టెంటుగా పనిచేసిన యువతి లైంగిక దాడి ఆరోపణ చేసింది. 2017లో ఒక టీవీ డాన్సు షోలో పరిచయమైందనీ, అప్పటికి తాను మైనర్‌ననీ ఫిర్యాదులో ఉండటంతో పోక్సో సెక్షన్లు కలిశాయి. ఆయనకు ప్రకటించిన జాతీయ అవార్డును నిలిపివేశారు, అక్టోబర్‌లో తెలంగాణ హైకోర్టు బెయిల్ ఇచ్చింది. ఆరోపణలు నిజం కాదని ఆయన అంటున్నారు, తేల్చవలసింది కోర్టు. కానీ ఆ వార్త విన్న రోజు నరసరావుపేటలో ఆడపిల్లల తల్లులకు వచ్చిన ప్రశ్న కోర్టు కోసం ఆగేది కాదు. పోటీకి పంపిన పిల్ల ఎవరి వెంట ఉంటోంది, ఏ గదిలో, తలుపు తెరిచి ఉందా?

డాన్సు రిహార్సల్ అంటేనే ఒకరి ఒంటి మీద ఇంకొకరి చెయ్యి పడే పని. లిఫ్ట్ చేస్తారు, నడుం పట్టి తిప్పుతారు, పడిపోతుంటే పట్టుకుంటారు. సరిదిద్దే చెయ్యికీ వేరే చెయ్యికీ తేడా ఆడేవాళ్లకు తెలుస్తుంది, చెప్పుకోవడానికే చోటుండదు. సెలబ్రిటీలకూ ఇందులో మినహాయింపు లేదు. బ్రిటన్‌లో బీబీసీ ‘స్ట్రిక్ట్లీ కమ్ డాన్సింగ్’లో నటి అమాండా ఆబింగ్టన్ తన జోడీ డాన్సరు మీద ఫిర్యాదు చేస్తే, 2024 సెప్టెంబర్‌లో బీబీసీ కొన్ని ఫిర్యాదులు నిజమని తేల్చి క్షమాపణ చెప్పింది, మిగతావి తోసిపుచ్చింది. ఆ తీర్పుకు ముందే, జూలైలోనే, ప్రతి రిహార్సల్ గదిలో ప్రొడక్షన్ మనిషి ఒకరు కూర్చోవాలని నియమం పెట్టింది. పోటీదారుల, వాళ్ల జోడీ డాన్సర్ల బాగోగులు చూడటానికి ఇద్దర్ని ప్రత్యేకంగా తీసుకుంది. అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2021 ఏప్రిల్ నుంచే కార్యక్రమంలో పాల్గొనేవాళ్ల క్షేమం ఛానెల్ బాధ్యతని నిబంధనల్లో రాసింది. మన దగ్గర ‘బీబీ జోడీ’, ‘నీతోనే డాన్స్’ లాంటి షోలూ జంటల మీదే నడిచాయి. గదిలో మూడో మనిషి కుర్చీకి పెద్ద ఖర్చేమీ కాదు.

చట్టం ఇక్కడా ఉంది. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదు చేసే స్త్రీ అక్కడ ఉద్యోగి కావాల్సిన పని లేదు, పని చోటుకు వచ్చిన మనిషైతే చాలు. అంటే కంటెస్టెంటూ చేయవచ్చు, గ్రూప్ డాన్సరూ చేయవచ్చు. ఆ కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు మేకప్ రూం అద్దం పక్కన అంటించాలన్నది ప్రణాళిక కోరిక. అద్దం పక్కనే ఎందుకంటే, సెట్‌లో ప్రతి ఆడపిల్లా ఒంటరిగా ఐదు నిమిషాలు కూర్చునే చోటు అదే.

ఛానెల్‌ను అడిగే ముందు సొంత గది ఊడ్చుకోవాలి. దెబ్బ పడందే స్టెప్పు పడదన్న నమ్మకం పేటలోనూ ఉంది. బెత్తం దాచి పెట్టుకునే మాస్టర్లకు టీవీ జడ్జి నోటి దురుసు గురించి మాట్లాడే హక్కు ఎక్కడిది? పక్కింటి పిల్ల సెలక్ట్ అయిందని సొంత పిల్లకు రాత్రి అన్నం తగ్గించే తల్లులూ ఉన్నారు. ప్రభల దగ్గర సంగతి సరే సరి. స్టేజీ కిందినుంచి నోట్లు విసురుతూ ఆడేవాళ్ల కాళ్లు లాగే జులాయిలు మన ఊరివాళ్లే. అందుకని ఇందులో చేరే మాస్టర్లు ముందు తమ మీదే మూడు కట్టుబాట్లు పెట్టుకుంటున్నారు. పిల్లల మీద చెయ్యి ఎత్తరు. తలుపు మూసి నేర్పరు. ఎంపికైన పిల్ల వెంట ఇంటివాళ్లు లేకుండా హైదరాబాదు బస్సెక్కించరు. ట్రూపుతో బేరం చేసే ప్రభ కమిటీలు కూడా స్టేజీకీ జనానికీ మధ్య అడ్డు కట్టాకే పాట మొదలుపెట్టాలని, డాన్సర్లు బట్టలు మార్చుకోవడానికి గుడ్డ చుట్టిన ట్రాక్టరు ట్రక్కు కాకుండా గడియ ఉన్న గది చూపించాలని వీళ్ల అభ్యర్థన.

ఫిర్యాదుల దారి కూడా పిల్లలకు నేర్పుతారు, స్టెప్పులతో పాటు. ప్రసారమైన దాని మీద అభ్యంతరం ఉంటే 2021 కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం ఛానెల్‌కు రాయవచ్చు, 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పిల్లలకు ఆపద అయితే 1098. ఇవి గది గోడ మీద ఉంటాయి.

ఇక కాగితం. పోటీకి వెళ్లినప్పుడు సంతకానికిచ్చే ఒప్పందం పేజీలకు పేజీలు ఇంగ్లిషులో, అదీ ఫ్లోర్ మీదికి పిలిచే తొందరలో చేతికొస్తే ఎవరు చదువుతారు? వీళ్లు తెలుగులో ఒకే పేజీ తయారు చేసుకున్నారు. ఎన్ని రోజులు, రోజుకు ఎంత బత్తెం, ఎప్పుడు చేతికిస్తారు, దెబ్బ తగిలితే వైద్యం ఎవరిది, ఓడిన రాత్రి ఇంటికి ఎవరు చేరుస్తారు. ఒక్కో ప్రశ్నకు ఎదురుగా ఖాళీ. ఏ షో వాళ్లు పిలిచినా ముందు ఈ ఖాళీలు నింపి పంపమంటారు. అడుగున తండ్రి సంతకానికి ఒక గీత, తల్లి సంతకానికి ఒక గీత ఉన్నాయి. వాటి కింద మూడో గీత పిల్లకు. ఇష్టం లేకుండా పిల్లల్ని ఆడించకూడదని 2017 నిబంధనల్లోనే ఉంది కాబట్టి, ఆ గీత మీద పేరు పెద్దవాళ్లు రాయకూడదు, రాయడం వచ్చిన పిల్ల తనే రాయాలి.