శబ్దము మాన్పుట మరమ్మతు కాదు

ధాన్యమును మిల్లునకును, కూరగాయలను సంతకును, ఎరువు బస్తాలను పొలమునకును చేర్చుటకై మన రైతు సోదరులలో పలువురు పాత పికప్ బండ్ల నుంచుకొనియున్నారు. ఇట్టి బండి పాతబడిన కొలది, ఇంజను పైభాగమునుండి టకటకమను శబ్దము వినవచ్చుట కలదు. యజమాని వెంటనే మెకానికు కడకు బోయి, ఆ శబ్దము లేకుండ జేయుమని కోరును. ఆ కోరికయే తప్పుదారి యని నా యభిప్రాయము. శబ్దము పోవలెనని గాక, వాల్వుల సందు సరిగా నుండవలెనని మనము కోరవలయును.

ఈ సందనగా నేమి? ప్రతి సిలిండరునకును గాలి లోనికి వచ్చుట కొక వాల్వు, పొగ వెలుపలికి బోవుట కొక వాల్వు సాధారణముగా నుండును. క్యామ్ షాఫ్టు తిరుగగా ట్యాపెట్టు, పుష్ రాడ్డు, రాకరు వరుసగా కదలి వాల్వును తెరచును. స్ప్రింగు దానిని మూయును. రాకరునకును వాల్వు కాడ కొనకును నడుమ కొద్దిపాటి సందును బుద్ధిపూర్వకముగనే విడిచియుందురు. వేడికి లోహము సాగును గదా! సాగుటకు చోటు లేనియెడల వాల్వు పూర్తిగా మూసికొనజాలదు.

సందు ఎక్కువైనచో రాకరు వాల్వుకొనను కొట్టి చప్పుడు చేయును; భాగము లరుగును; ఇంజను బలము కొంత తగ్గును. ఇది నష్టమే కాని చెవికి దెలియు నష్టము. సందు తక్కువైనప్పుడు కలుగు నష్టము చెవికి దెలియదు. పొగవాల్వు మిక్కిలి వేడిలో పనిచేయును. అది సీటున కానియున్న క్షణములందే తన వేడిని ముఖ్యముగా దానికిచ్చి చల్లారును. ఆనకున్నచో మండు వాయువు అంచుల వెంబడి దూసికొనిపోయి వాల్వును కాల్చివేయును. పిదప కంప్రెషను తగ్గును. ఉదయమున బండి కదలదు. హెడ్డు విప్పక తప్పదు. సందు సరిచేయుట ఒక పూట పని. హెడ్డు పని కట్లు గాదు. కోసిన టమాటా అంతవరకు నిలువదు. చప్పుడు మాన్పుటకై స్క్రూను బిగించుట కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడిన చందమగును.

మరియొక సంగతి. వాల్వును సీటును అరిగిన కొలది వాల్వు లోనికి దిగి, సందు తనంతట తానే తగ్గుటయు గలదు. కావున నానాటికి నిశ్శబ్దమగుచున్న పాత ఇంజను బాగుపడినదని భ్రమపడరాదు.

అనుభవశాలియైన మెకానికు చెవితోనే సరిచేయగలడని కొంద రందురు. శబ్దమును బట్టి లోపము నూహించుటకు అనుభవము కావలసినదే. కాని ధాన్యమును కాటా లేక కంటిచూపుతో తూచినయెడల మన మొప్పుకొందుమా? ఇచ్చటి కాటా ఫీలర్ గేజి. ఇట్టి ఇంజనులలో పెక్కింటికి సందు మిల్లీమీటరులో పదవ వంతు మొదలు నాలుగు పదవ వంతుల వరకు నుండును. పొగవాల్వునకు తరచుగా నెక్కువ. ఏ బండి కెంత యనునది, చల్లగా నున్నప్పుడు కొలువవలెనా వేడిగా నున్నప్పుడా యనునది, ఆ బండి పుస్తకమును జూచియే నిర్ణయింపవలయును.

నాలుగు సిలిండర్ల ఇంజనున కొక సులభమైన గుర్తు కలదు. బండిని న్యూట్రలులో నుంచి, తాళము తీసి, చక్రములకు అడ్డు వేసి, ఇంజనును స్పానరుతో మెల్లగా త్రిప్పవలెను. నాలుగవ సిలిండరున పొగవాల్వు మూసికొనుచు గాలివాల్వు తెరచుకొనుచున్న క్షణమున మొదటి సిలిండరు వాల్వులను కొలువవలెను. మూడవదానిని జూచి రెండవదానిని, రెండవదానిని జూచి మూడవదానిని, మొదటిదానిని జూచి నాలుగవదానిని సరిచేయవలెను. రెండంకెలను గలిపిన నెప్పుడును 5 వచ్చును. గేజిరేకు కొంచెము పట్టుతో జారవలెను. లాక్ నట్టు బిగించునప్పుడు స్క్రూ కదలవచ్చును గనుక, బిగించిన పిమ్మట మరల కొలుచుట మరువరాదు.

ఇంత చేసినను చప్పుడు పోనిచో రాకరు ముఖము గుంట పడినదో, పుష్ రాడ్డు వంగినదో, ఆయిలు చాలదో చూడవలెను గాని, మరింత బిగింపరాదు. కొన్ని కొత్త ఇంజనులలో హైడ్రాలిక్ ట్యాపెట్లు తామే సందును సర్దుకొనును. వాని కీ పని లేదు. మన బావులపైనున్న ఆయిలింజనులకు మాత్ర మీ ధర్మమే వర్తించును.

సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చినది మొదలు, ఒంటరి రైతునకు భారమైన దానిని పదిమంది కూడి సాధించుటయే మన మార్గముగా నున్నది. ఫీలర్ గేజి వెల స్వల్పము. ప్రతి సంఘమును ఒక గేజిని, ఒక పుస్తకమును ఉంచవలయును. ప్రతి బండికి నొక పుట కేటాయించి, తేదీ, నడచిన కిలోమీటర్లు, సరిచేయుటకు ముందున్న సందు, తరువాతి సందు వ్రాసియుంచవలయును. ఏ వాల్వు సందు మాటిమాటికి తగ్గుచున్నదో ఆ పుటయే చెప్పును. వాల్వు కాలకమునుపే మనము మేల్కొనగలము. సభ్యు లీ విషయమును రాబోవు సమావేశమున ఆలోచింతురు గాక.