విల్లెత్తని రాముడు

ఒక కథను మూడుమారులు చూచి, మూడుమారులును కంట తడిపెట్టి, పిమ్మట దానినిగూర్చి కలహమునకు దిగుట వింతగా తోచవచ్చును. అయినను మా స్థితి యిప్పుడట్లే యున్నది. 2018 అక్టోబరులో విడుదలయైన '96' అను తమిళచిత్రమును మేము మొదట చెన్నపట్టణములో, ఆ భాష సగము తెలిసియు సగము తెలియకయు చూచితిమి. దర్శకుడు సి. ప్రేమ్‌కుమార్ తన కథనే 'జాను' అను పేరున తెలుగు చేసి 2020 ఫిబ్రవరిలో వెలువరింపగా, శర్వానంద్, సమంతలు నటించిన యా చిత్రమును రెండవమారు చూచితిమి. మొన్నటి వేసవిలో మా యింటి చావడిలో, ఎనుబదియేండ్లు దాటిన మేనత్తగారు మొదలు చదువు ముగించి యింటికి వచ్చిన మా యన్నగారి కుమార్తె వరకు అందరును కూర్చుండగా, తమిళచిత్రమునే మూడవమారు చూచితిమి. మా కలహము చిత్రముతో గాదు. దానిని మెచ్చువారి మెప్పుతోను, తెగడువారి తెగడ్తతోను.

కథ యెరుగని చదువరులకు నాలుగు మాటలు. 1994వ సంవత్సరమున తంజావూరిలో పదవతరగతి చదువుచున్న రామచంద్రుడు, జానకి అను నిద్దరు పిల్లలు. జానకి చక్కగా పాడును. ఆమె పేరు గాయని యెస్. జానకిగారి పేరట, ఆ గాయని మన రేపల్లె ప్రాంతమున బుట్టిన తెలుగుబిడ్డయే. పరీక్షలు ముగిసి, సెలవులు గడచి, బడి తెరచునప్పటికి రాముడు లేడు. తండ్రికి డబ్బు చిక్కులు కలిగి ఆ కుటుంబము రాత్రికి రాత్రి ఊరు విడిచి చెన్నపట్టణము చేరినది. ఇరువదిరెండేండ్ల పిమ్మట సహాధ్యాయులందరు వాట్సాపు బృందముగా గూడి చెన్నపట్టణములో కలిసికొనుట కేర్పాటు చేసికొందురు. రాముడు దేశదేశములు దిరుగు ఛాయాచిత్రకారుడై, పెండ్లి చేసికొనక యుండిపోయినాడు. జానకి సింగపూరునుండి వచ్చును. ఆమెకు భర్త గలడు, కూతురు గలదు. తెల్లవారి విమానమెక్కువరకు ఆ యిద్దరును కలిసి గడపిన యొక్క రాత్రియే ఈ చిత్రము.

విజయ్ సేతుపతి, త్రిష యీ పాత్రలను ధరించిన తీరు మరువరానిది. ఆమె దగ్గరకు వచ్చినపుడెల్ల అతడు వెనుకకు తగ్గుటలోను, పదియవతరగతి బాలుని బెదురు నలువదియేండ్ల శరీరములో దాగియుండుటలోను ఏ మాత్రమును అతి లేదు. బడిలో నతడు పదేపదే కోరియు వినజాలని పాట యొకటి యున్నది. యమునయొడ్డున కన్నయ్యకై కాచుకొన్న రాధనుగూర్చిన పాట, 1991 నాటి 'దళపతి' చిత్రములోనిది. ఇరువదిరెండేండ్లు దాచియుంచిన యా పాటను అతని యింట దీపములారిన చీకటిలో ఆమె యెత్తుకొన్నపుడు మా చావడిలో నెవ్వరికిని మాట రాలేదు. విమానాశ్రయమునకు బోవుత్రోవలో గేరుకఱ్ఱమీదనున్న యతని చేతిపై ఆమె చేయి వేయుట, ఆమె వెడలిన పిమ్మట ఆమె తడిసి విడిచిన దుస్తులను అతడు మడతపెట్టి బడినాటి గుర్తులతోపాటు పెట్టెలో దాచుట, ఇవి ప్రేమచిత్రములలో మేము చూచిన మిక్కిలి సభ్యములైన ఘట్టములు. ఇంతవరకు మేము వట్టి యభిమానులమే.

ఇక తెగడువారు. పెండ్లియైన స్త్రీ చిన్ననాటి స్నేహితునితో రాత్రియంతయు గడపుట యేమి మర్యాద యని వీరి యాక్షేపణ. ఆ రాత్రి యేమి జరిగినదో చూచియు నిట్లు పలుకువారికి మేము చెప్పవలసినది లేదు. ఇద్దరు పెద్దవారు వానలో తడిసి, వంటచేసికొని తిని, పాట పాడుకొని, ఏడ్చిరి. దీనివలన చెడిపోవునంతటి సంసారము సినిమా చూడకున్నను చెడిపోవును.

మా యసలు వివాదము మెచ్చువారితోనే. పవిత్రప్రేమ యనుచున్నారు, విధి విడదీసిన జంట యనుచున్నారు. కన్నెత్తి యామెను తప్పుగా జూడని, నోరెత్తి తన మనసు చెప్పని రాముని దేవుని జేయుచున్నారు. విధి యను మాట మన యిండ్లలో మిక్కిలి సౌకర్యమైన మాట. ఎవరి తప్పును ఎవరి మెడకును చుట్టనక్కరలేకుండ అది చేయును. కాని యీ కథలో విధి చేసినదేమి? అప్పులు విధివలన వచ్చినవనుకొందము. తక్కిన రెండు ఘట్టములు మనుష్యులు చేసినవి.

మొదటిది కళాశాలవాకిలి. కొన్నియేండ్లకు రాముడు జానకి చదువు కళాశాలను వెదకికొని వచ్చి, చూడగోరుచున్నానని కబురు పంపును. ఆమె చూడనని కటువుగా మారుకబురు పంపును. అతడు తలవంచుకొని వెడలిపోవును. ఆ వచ్చినది రాముడని యామెకు దెలియనే లేదు! తన్ను వెంటబడి వేధించుచున్న మరియొకడని యామె యనుకొన్నది. ఈ సంగతి హోటలుగదిలో నింతకాలమునకు తెలిసికొని యామె విలపించును; మన ప్రేక్షకులు అయ్యో విధి యని నిట్టూర్తురు. విధి యెక్కడ నున్నదిచట? ఉన్నది వేధించు పోకిరీ. వాకిట నిలిచినవా డెవడైనను ముందుగా పోకిరీయే యని యనుకొనవలసిన యవస్థ ఆడుపిల్లకు కల్పించినదెవరు? ఆమె కాదన్నను వెంటబడుటయే ప్రేమయనియు, కాదనుట లోలోపల ఔననుటయే యనియు తమిళమున నేమి, తెలుగున నేమి, యేండ్లతరబడి బోధించిన చలనచిత్రములే గదా! వానిని పాటలకొరకు, హాస్యముకొరకు భార్యాబిడ్డలతో గూర్చుండి చూచిన మనమును గదా! నంగనాచివలె పలుకుట యేల. వానిలో కొన్నిటికి మేమును ఈలలు వేసినవారమే.

వెంటబడి వేధించుటను మన శిక్షాస్మృతిలో 354-డి విభాగము క్రింద ప్రత్యేక నేరముగా నెంచుటకు 2013వ సంవత్సరము రావలసి వచ్చినది. 2024 జూలై నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో అది 78వ విభాగము. 2016 జూన్ 24వ తేదీ యుదయమున చెన్నపట్టణములోనే, నుంగంబాక్కము రైలుస్టేషనులో పనికి బోవుచున్న యొక యువతి హత్యకు గురియైనపుడు, వెండితెరమీది వెంటబాట్లనుగూర్చి తమిళదేశమున గట్టిచర్చ లేచినది. ఆ చర్చ లేచిన రెండేండ్లకు వచ్చిన చిత్రమిది. నిజముగా ప్రేమించినవాని కబురును కూడ పోకిరీల రొద మ్రింగివేసినదని యీ చిత్రము చూపుచున్నది. దర్శకుడిది పాఠముగా జెప్పలేదు. కథలో నొక మూల నుంచెను. ఆ మూలనే మనవారు చూడకున్నారు.

ఆ కళాశాలఘట్టమునకు మరియొక రూపము చిత్రములోనే గలదు. రాముని శిష్యురాండ్రు జానకిని జూచి గురువుగారి భార్య యనుకొని, మీరిద్దరెట్లు కలిసితిరని యడుగుదురు. జానకి కాదనదు. కథ యల్లి చెప్పును. అతడు కళాశాలకు వచ్చెననియు, తాము కలిసికొంటిమనియు, ఒకటైతిమనియు. మాకు చిత్రమంతటికి ప్రాణమిచటనే యున్నట్లు తోచును. ఆమె యల్లిన కథలో అద్భుతమేదియు లేదు. ఏ దేవతయు ప్రత్యక్షము కాలేదు, అప్పులెవరును తీర్పలేదు. వచ్చినవాడెవరో తెలిసినది, మాటలాడుకొనిరి, అంతే. ఇంత చిన్న సంగతి జరుగకపోవుటకు ఇరువదిరెండేండ్లు వెల యిచ్చికొనిరి. శిష్యురాండ్రు సంతోషముతో వినుచుండగా రాముడు ఒక ప్రక్క నిలిచి యామె మొగము వంక జూచుచున్న యాచూపును మేము మరువజాలము.

రెండవది పెండ్లిపందిరి. జానకి పీటలమీద కూర్చుండువరకును కన్నులతో రాముని వెదకుచునే యున్నది. అతడు వచ్చి తన్ను గొనిపోవునని కాచుకొన్నది. రాముడు వచ్చెను కూడ! వచ్చి యొక మూల నిలిచెను. నోరు విప్పలేదు. ఆమెకు తెలియదు. దీనిని త్యాగమందురు. పురాణములోని రాముడు విల్లెత్తి విరిచెను గాని, మిథిలలో స్తంభముచాటున నిలిచి కన్నీరు గార్చి యయోధ్యకు మరలిపోలేదు. ఈ పేర్లు పెట్టుకొన్న జంటకు విల్లెత్తని రాముడే మెప్పునకు పాత్రుడగుట మన కాలపు విచిత్రము. 1917లో వెలువడిన శరత్‌బాబు 'దేవదాసు' నవలలో పార్వతి నడిరేయి దేవదాసు గదికి వచ్చి నోరు విప్పి యడిగినది. అడిగిన పిల్ల తిరిగిపోయినది. అడుగబడిన మగవాడు త్రాగి చచ్చెను. మన ప్రజలు 1953లో తెలుగు చిత్రమును జూచి యెవరికొరకేడ్చిరి? దేవదాసుకొరకే. మగవాడు మాటలాడక తనలో తాను కృశించినచో మనకది గొప్ప. ఆడుది మాటలాడినచో గడుసుతనము.

రాముడు త్రాగుబోతు కాడు, పరుషుడు కాడు. దేవదాసుకంటె వేయిమడుగులు మేలైనవాడు. అందుచేతనే యతని మౌనము మరింత ప్రమాదకరమైన యాదర్శమని మా నమ్మకము. వెంటబడు పోకిరీకి విరుగుడు నోరు మూసికొనుట కాదు. ఒక్కమారు, పేరు చెప్పి, ఎదుట నిలిచి యడిగి, వచ్చిన యుత్తరమును శిరసావహించుట. పోకిరీ ఆమె యుత్తరమును లెక్కచేయడు. మౌని ఆమెను ప్రశ్నయే యడుగడు. ఇద్దరివలనను ఆమె మాట వినబడకయే పోవుచున్నది.

ఈ కథలో నెవరును తలపెట్టని మనుష్యుడొకడు గలడు: సింగపూరులోని భర్త. చిత్రమాతనిని దుష్టునిగా జూపలేదు. అందుకు దర్శకుని మెచ్చవలెను. తాళి కట్టుచున్న వేళ వధువు కన్నులు వేరొకని వెదకుచున్నవని యతనికెవరు చెప్పిరి? రాముడు, జానకి తమకేమి నష్టమైనదో యెరుగుదురు. అతడు తనకు జరిగిన దానిని కూడ నెరుగడు. జానకి నోరు మూయించిన ఆచారము అతనిని గ్రుడ్డివానిని జేసినది. మూడు బ్రతుకుల లెక్కలో మనము రెంటికే కన్నీరు గార్చి ఇంటికి వచ్చుచున్నాము.

మూడవమారు చూచుచున్నపుడు ఈ పెండ్లిఘట్టమునొద్దనే మా మేనత్తగారు కండ్లజోడు తీసి తుడుచుకొనుచు, "ఏరా, ఆ పిల్లను ఒక్కరైనా అడిగారుట్రా?" అనిరి. మే మదివరకు రెండుమారులు చూచియు వేసికొనని ప్రశ్న యిది. నిజమే, చిత్రము జానకి తలిదండ్రులమీద దృష్టి నిలుపనే లేదు. కులమనరు, కట్నమనరు, కఱ్ఱ పట్టుకొన్న మేనమామలు లేరు. ఎవరి బలాత్కారమును కానరాకయే పిల్లకు పెండ్లి జరిగిపోయినది. మనవంటి చదువుకొన్న యిండ్లలో జరుగునది సరిగా నిదియే. మేము మా పిల్లలను నిర్బంధింపమని గర్వముతో చెప్పుకొందుము. నిర్బంధింపము, అడుగము కూడ.

కొందరు మిత్రులు దీనికి బదులు చెప్పియున్నారు. "అడుగకేమి, పెండ్లిచూపులనాడు అబ్బాయి నచ్చినాడా యని అడుగుదుము, అది సిగ్గుపడి తల వంచుకొనును, మేమేమి చేయగలము?" అని. కాఫీపళ్లెము చేతికిచ్చి, ఇరువదిమంది యెదుట నడిపించి, పెండ్లివారు వీథిమలుపు తిరుగకమునుపే, తండ్రి, పెదతండ్రి, మధ్యవర్తి చుట్టును నిలిచి అడుగుట అడుగుట యగునా? అప్పుడు తల యెత్తి కాదనగల పిల్ల పదిమందిలో నొక్కతె యుండునేమో. తక్కిన తొమ్మండ్రి తలవంపును సమ్మతి యని వ్రాసికొనుచున్నాము. ఇద్దరు పెద్దవారు పరస్పరము సమ్మతించినపుడు కుటుంబము యొక్కగాని సంఘము యొక్కగాని యనుమతి యవసరము లేదని 2018 మార్చి 27న సుప్రీముకోర్టు శక్తివాహిని వ్యాజ్యమున తీర్పు చెప్పినది. చిత్రము విడుదలయగుటకు ఆరునెలల ముందుమాట. కోర్టు సమ్మతికి రక్షణ యీయగలదు గాని, ప్రతి యింటికి వచ్చి పిల్లను కూర్చుండబెట్టి నీ సమ్మతి యేమని యడుగజాలదు గదా.

చిత్రము చూచిన పదునైదు దినములకు మా యన్నగారి కుమార్తెకు సంబంధము వచ్చినది. పిల్లవాడు చదువుకొన్నవాడు, ఉద్యోగస్థుడు. వంక పెట్టుటకేమియు లేదు. మధ్యవర్తి చావడిలో కూర్చుండి, ఆదివారము రమ్మందుమా యని తొందరపెట్టుచుండెను. మా యన్నగారు పంచాంగము తెమ్మనిరి. మేనత్తగారు లేచి, పిల్ల చేయి పట్టుకొని లోపలిగదికి దీసికొనిపోయి, వెంటవచ్చుచున్న మా వదినగారిని కూడ నీవల నుండుమని చెప్పి, తలుపు గడియ వేసికొనిరి. మాకు లోపలి మాటలు వినబడలేదు. మధ్యవర్తి గడియారము జూచుకొనెను. మేమతనికి రెండవమారు కాఫీ పోయించితిమి. అదియు చల్లారినది.