హ్యాండిల్ పట్టేస్తే, ఫోర్క్ కారితే

బండి తిన్నగా పోతున్నప్పుడు హ్యాండిల్ మధ్యలో టక్కుమని పట్టేస్తోందంటే కోన్‌సెట్ అయిపోయినట్టే. ఫ్రేము మెడలో పైనొకటి, కిందొకటి ఉండే బేరింగులే ఈ కోన్‌సెట్. మన దగ్గర తిరిగే 100 సీసీ బళ్లలో చాలావాటికి విడి గోళీలే ఉంటాయి. బండి ఎక్కువసేపు తిన్నగానే నడుస్తుంది కాబట్టి, గుంటలో పడ్డప్పుడల్లా దెబ్బ ఒక్కచోటే తగిలి కప్పుల్లో సన్నటి సొట్టలు పడతాయి. ఆ తర్వాత హ్యాండిల్ మధ్యకి వచ్చినప్పుడల్లా గోళీలు వచ్చి ఆ సొట్టల్లోనే కూర్చుంటాయి. నట్టు బిగిస్తే పోతుందిలే అంటారు గానీ, పోదు. అతిగా బిగిస్తే నెమ్మదిగా వెళ్లేటప్పుడు బండి తూలుతుంది కూడా.

పరీక్ష తేలికే. సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం పైకి లేచేలా ఇంజిన్ కింద చెక్కదిమ్మ పెట్టాలి. ఫోర్కు కాళ్లను కిందిభాగంలో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే లొడలొడలాడిందా, వదులైనట్టు. హ్యాండిల్ మెల్లగా తిప్పితే మధ్యలో ఆగిందా, సెట్టు మొత్తం మార్చాల్సిందే. గోళీలొక్కటే మార్చి పాత కప్పులు ఉంచేయడం డబ్బు దండగ.

చక్రం, హెడ్‌లైట్, హ్యాండిల్, మెడ మీదుండే పైనట్టు విప్పాక దాని కింద గాడినట్టు కనిపిస్తుంది. దానికి సి-స్పానర్ కావాలి. నట్టు తీస్తుంటే ఫోర్కు దిగి గోళీలు జలజలా రాలతాయి, అందుకే కింద పాత బట్ట పరవాలి. పైన ఎన్ని, కింద ఎన్ని ఉన్నాయో అప్పుడే లెక్కపెట్టుకోవాలి. కప్పుల్ని లోపలినుంచి పొడవాటి కడ్డీతో ఒకసారి ఇటు, ఒకసారి అటు కొడుతూ దించాలి. కొత్త కప్పు ఎక్కించేటప్పుడు పాతదాన్నే పైన ఆనించి కొడితే వంకర పోదు. కప్పు నిండా గ్రీజు పెడితే గోళీలు అందులో అంటుకుని నిలబడతాయి.

అసలు పనితనమంతా బిగింపులోనే ఉంది. గాడినట్టు గట్టిగా బిగించి, హ్యాండిల్‌ను ఆ చివరనుంచి ఈ చివరికి తిప్పి, మళ్లీ కాస్త వదలాలి. మధ్యనుంచి వేలితో తోస్తే ఫోర్కు తన బరువుకే పక్కకి వాలిపోవాలి, ఊపితే మాత్రం కదలకూడదు. పైనట్టు బిగించాక లెక్క మారుతుంది కాబట్టి ఇంకోసారి చూసుకోవాలి.

ఫోర్కు తిరిగి ఎక్కించేముందు ఇంకో పని. అది ఎలాగూ ఊడి ఉంటుంది గనక, గొట్టాల మీద నూనె జిడ్డు ఉంటే సీళ్లు కూడా ఈ చేత్తోనే మార్చేయాలి. ఒక చిట్కా: కాలి అడుగున ఉండే అల్లెన్ బోల్టును స్ప్రింగు లోపల ఉండగానే వదులు చేయాలి, లేకపోతే లోపలి కడ్డీ దాంతోపాటే తిరుగుతుంది. గొట్టం మీద గోరు ఆడించి చూడాలి. తుప్పు గుంట గోటికి తగిలితే కొత్త సీలు కూడా నాలుగు రోజుల్లో చిరిగిపోతుంది, అప్పుడు గొట్టమే మార్చాలి. సీలు అంచుకి ఫోర్క్ ఆయిల్ రాసి, సరిపోయే పీవీసీ పైపుముక్కతో సమంగా దించాలి. ఆయిల్ రకం, కొలత బండి పుస్తకంలో చెప్పిందే వాడాలి, రెండు కాళ్లలోనూ సమానంగా పోయాలి.

కారిన నూనె బ్రేకు మీద పడి ఉంటే, బ్రేకు సంగతి చూడకుండా బండి బయటికి తీయొద్దు. కొత్త కోన్‌సెట్ కొన్నాళ్లకి సర్దుకుని కాస్త వదులవుతుంది. రెండు మూడొందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి ఊపి చూడండి.