గ్రీన్‌కార్డ్ పెండింగ్‌లో ఉండగా జాబ్ మారొచ్చా? అసలు చిక్కు కంపెనీతో కాదు.. కాగితాలతోనే!

అమెరికాలో మంచి ఆఫర్ చేతికొచ్చింది. జీతం ఎక్కువ, పని కూడా నచ్చింది. అయినా ఓకే చెప్పడానికి భయం. కారణం ఒక్కటే.. గ్రీన్‌కార్డ్ ఫైల్ పాత కంపెనీ పేరు మీద నడుస్తోంది. డాలస్ నుంచి న్యూజెర్సీ దాకా చాలా తెలుగు ఇళ్లల్లో వినిపించే మాటే ఇది. కదిలితే క్యూలో చోటు పోతుందేమోనని ఏళ్ల తరబడి ఒకే కంపెనీలో ఉండిపోతున్నారు. చట్టం చూస్తే మాత్రం అంత భయపడాల్సిన పని లేదు. సరైన దశలో మారితే రక్షణ బాగానే ఉంది. కానీ కంపెనీ మారితే చాలాసార్లు లాయర్ కూడా మారిపోతారు. చాలామంది పట్టించుకోనిది ఇదే.

ఇన్నేళ్లు ఎందుకు ఆగాల్సి వస్తోంది?

ఉద్యోగం ఆధారంగా ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. అందులో ఒక్కో దేశానికి 7 శాతమే పరిమితి. 2025 అక్టోబర్ వీసా బులెటిన్‌లో భారతీయులకు ఈబీ-2 తేదీ 2013 ఏప్రిల్ 1, ఈబీ-3 తేదీ 2013 ఆగస్టు 22. అంటే పన్నెండేళ్ల కిందట లైన్లో నిలబడ్డవాళ్ల వంతు అప్పుడు వచ్చిందన్నమాట.

2020 అక్టోబర్‌లో మరో విషయం జరిగింది. భారతీయుల ఈబీ-3 ఫైలింగ్ తేదీ 2015 జనవరి 1కి దూకింది. దాంతో చాలామంది చివరి దశ అప్లికేషన్ అయిన ఐ-485 వేసేశారు. కొందరికి కార్డులొచ్చాయి. ఆ తర్వాత తేదీలు వెనక్కి వెళ్లడంతో మిగిలినవాళ్లు అక్కడే ఆగిపోయారు. ఇన్నేళ్లలో లేఆఫ్‌లు వస్తాయి, కంపెనీలు చేతులు మారతాయి. ఒకే చోట కూర్చోవడం అందరికీ కుదరదు.

ఏ దశలో మారితే ఏమవుతుంది?

కార్మిక శాఖ దగ్గర పెర్మ్ నడుస్తుండగా, లేదా ఐ-140 ఆమోదం రాకముందే మారితే నష్టం పూర్తిగా ఉద్యోగిదే. కొత్త కంపెనీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. క్యూలో పాత తేదీ కూడా దక్కదు.

ఐ-140 ఆమోదం వచ్చాక పరిస్థితి మారుతుంది. కొత్త కంపెనీ పెర్మ్, ఐ-140 మళ్లీ చేయించాల్సిందే. కానీ పాత ప్రయారిటీ డేట్ ఉద్యోగి వెంటే వస్తుంది. 2017 జనవరి 17 నుంచి అమల్లో ఉన్న రూల్ ప్రకారం ఆమోదం వచ్చి 180 రోజులు దాటితే, పాత కంపెనీ వెనక్కి తీసుకున్నంత మాత్రాన ఆ ఐ-140 రద్దు కాదు. ఆరేళ్ల గడువు దాటాక హెచ్-1బీ పొడిగింపునకు కూడా అది పనికొస్తుంది. 180 రోజుల లోపే కంపెనీ వెనక్కి తీసుకుంటే తేదీ మిగులుతుంది గానీ, దాని ఆధారంగా హెచ్-1బీ పొడిగింపు అడగడం కుదరదు. అందుకే ఆరో ఏడాదికి దగ్గరపడ్డవాళ్లు రాజీనామాకు ముందు ఈ 180 రోజులు లెక్కపెట్టుకోవాలి.

ఐ-485 వేసి 180 రోజులు దాటినవాళ్లకు ఇంకా పెద్ద వెసులుబాటు ఉంది. 2000లో వచ్చిన ఏసీ-21 చట్టం ప్రకారం అదే రకం లేదా దగ్గరి రకం ఉద్యోగానికి మారితే పాత ఫైలే కొనసాగుతుంది. మళ్లీ పెర్మ్ అక్కర్లేదు. కొత్త కంపెనీ సంతకంతో సప్లిమెంట్ జె అనే ఫారం ఇవ్వాలి, దానికి ఫీజు లేదు. ఊరు మారినా పర్వాలేదు, జీతం పెరిగినా పర్వాలేదు. చేసే పని, కావాల్సిన స్కిల్స్, చదువు, ఉద్యోగ వర్గీకరణ కోడ్ అన్నీ కలిపి చూస్తారు. జీతంలో మరీ పెద్ద తేడా ఉంటే మాత్రం ప్రశ్నలు రావొచ్చు.

లాయర్ ఎవరి మనిషి?

ఇక్కడే అసలు మెలిక. పెర్మ్, ఐ-140 రెండూ కంపెనీ వేసే కాగితాలు. ఆ లాయర్‌ను పెట్టుకునేదీ కంపెనీయే. చాలా కేసుల్లో అదే లాయర్ ఉద్యోగి ఐ-485 కూడా చూస్తారు. అందరూ ఒకే వైపు ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. ఉద్యోగి వెళ్లిపోతానన్న రోజున మాత్రం కంపెనీ ప్రయోజనం వేరు, ఉద్యోగి ప్రయోజనం వేరు. ఎప్పుడు మారితే మంచిదని కంపెనీ లాయర్‌ను అడిగితే సూటిగా సమాధానం దొరక్కపోవచ్చు. వాళ్లు ఆ మాట కంపెనీకి చెప్పాల్సిన పరిస్థితి కూడా ఉండొచ్చు.

ఐ-485 మాత్రం ఉద్యోగి సొంత అప్లికేషన్. దానికి సొంత లాయర్‌ను పెట్టుకోవచ్చు, మధ్యలో మార్చుకోవచ్చు. కొత్త లాయర్ జీ-28 ఫారం వేస్తే చాలు. భార్య లేదా భర్త, పిల్లల ఐ-485లకు విడివిడిగా జీ-28లు వేయాలి. ఒకటి వేసి ఊరుకుంటే మిగతా నోటీసులు పాత లాయర్ ఆఫీసుకే వెళ్తుంటాయి.

దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ఇమిగ్రేషన్ శాఖ అదనపు ఆధారాలు అడిగితే జవాబుకు గరిష్ఠంగా 12 వారాలే గడువు. పొడిగింపు ఉండదు. నోటీసు పాత లాయర్ టేబుల్ మీద, దాని కాపీ ఖాళీ చేసిన అపార్ట్‌మెంట్ మెయిల్‌బాక్స్‌లో ఉండిపోతే, జవాబు రాలేదని అప్లికేషన్ తిరస్కరించవచ్చు. పన్నెండేళ్లు ఆగి ఇలా పోగొట్టుకోవడం కంటే దారుణం ఇంకేముంటుంది? అడ్రస్ మారితే 10 రోజుల్లోగా చెప్పాలన్న రూల్ కూడా ఉంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. పాత కంపెనీ ఇచ్చిన కాగితాల్లో మోసం బయటపడితే 180 రోజుల రక్షణ పనిచేయదు, ఐ-140 రద్దవుతుంది. ఒకప్పుడు ఆ నోటీసు పాత కంపెనీకే వెళ్లేది. కంపెనీ మారిన ఉద్యోగికీ తెలియజేయాలని 2017 నవంబర్‌లో స్పష్టం చేశారు. ఆ నోటీసు చేతికందాలన్నా అడ్రస్, లాయర్ వివరాలు సరిగ్గా ఉండాల్సిందే.

ఈఏడీ మీద మారుతున్నారా?

ఐ-485 పెండింగ్‌లో ఉన్నవాళ్లు వర్క్ పర్మిట్ కార్డు, అంటే ఈఏడీ మీద కూడా కొత్త ఉద్యోగంలో చేరొచ్చు. కానీ 2025లో రెండు మార్పులొచ్చాయి. అక్టోబర్ 30 నుంచి వేసిన రెన్యువల్స్‌కు పాత కార్డు ఆటోమేటిక్‌గా పొడిగించే సౌకర్యం తీసేశారు. డిసెంబర్ 5 నుంచి కార్డు కాలపరిమితిని ఐదేళ్ల నుంచి 18 నెలలకు తగ్గించారు. కొత్త కార్డు ఆలస్యమైతే ఆ గ్యాప్‌లో పని ఆపేయాల్సిందే. పైగా హెచ్-1బీ వదిలేశాక ఐ-485 తిరస్కరణకు గురైతే వెనక్కి వెళ్లడానికి స్టేటస్ ఉండదు. వీలైతే కొత్త కంపెనీతో హెచ్-1బీ కూడా వేయించుకోవడం మేలు.

లేఆఫ్ అయితే హెచ్-1బీ వాళ్లకు ఉండేది గరిష్ఠంగా 60 రోజులే. అప్పుడు కాగితాల కోసం పాత హెచ్‌ఆర్ చుట్టూ తిరిగే టైమ్ ఉండదు.

రాజీనామాకు ముందే చేతిలో ఉండాల్సినవి

* ఐ-140 ఆమోద నోటీసు కాపీ. అది దొరక్కపోతే కనీసం రసీదు నంబర్.
* పెర్మ్ కాపీ. కొత్త ఉద్యోగం దగ్గరి రకమే అని చూపించడానికి అందులోని పని వివరాలు, కోడ్ కావాలి.
* కుటుంబంలో అందరి ఐ-485 రసీదులు, వేసిన అప్లికేషన్ పూర్తి కాపీ.
* అనుభవ లేఖలు, పే స్టబ్స్, డబ్ల్యూ-2లు.

కంపెనీ ఇవ్వనంటే సమాచార హక్కు లాంటి అమెరికా చట్టం కింద ఇమిగ్రేషన్ శాఖనే ఫైల్ కాపీ అడగొచ్చు. టైమ్ పడుతుంది కాబట్టి ముందే అడగాలి. వెళ్లిపోతున్నావు కాబట్టి పెర్మ్ ఖర్చు కట్టమని కంపెనీ అడిగినా కట్టక్కర్లేదు. లాయర్ ఫీజుతో సహా ఆ ఖర్చు కంపెనీయే భరించాలని 2007 నుంచి రూల్ ఉంది.

మొత్తంగా చూస్తే 180 రోజులు దాటినవాళ్లను పాత కంపెనీ కట్టిపడేయలేదు. ఫైల్ కాపీ తమ దగ్గర ఉంచుకుని, నోటీసులు తమకే వచ్చేలా చూసుకుంటే క్యూలో చోటు ఎక్కడికీ పోదు. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు కంపెనీతో సంబంధం లేని లాయర్‌తో ఒక్క గంట మాట్లాడితే, తమ కేసు ఏ దశలో ఉందో, ఏ రోజు మారితే సేఫో తెలిసిపోతుంది.