చెక్క గదల ఖరీదెంత?

మొన్న కర్నూలు వెళ్ళినప్పుడు అటక మీంచి జేజినాయన చెక్క గదల జత దింపా. తాలీంఖానాలో తిప్పినవట. "పొయ్యిలోకి పనికొస్తాయి లేరా" అన్నాడు చిన్నాయన. నేనేమో నెట్లో రేటు వెతుకుతున్నా. ఇద్దరం ఒకటే!

వీటిని చూసే బ్రిటిష్ సైన్యం తన కసరత్తులో కలుపుకుంది. 1904, 1932 ఒలింపిక్స్‌లో గదలు తిప్పడం ఓ పోటీ కూడా. తేలిగ్గా, లేతు మీద తీసినట్టుంటే డ్రిల్లు జత అయ్యుండొచ్చు. బరువుగా, చేత్తో చెక్కినట్టుంటే వస్తాదులది. పాలిష్ మాత్రం కొట్టించకండి. చేతులకి అరిగిన పిడే దాని వయసుకి సాక్ష్యం.

కానీ ఎవరు తిప్పారో చెక్క చెప్పదు. డాక్యుమెంటేషన్ లేని కోడ్ లాంటిదే. ఆ సంగతి తెలిసిన ముసలాయన పక్క వీధిలోనే ఉన్నాడు. రేటు సంగతి తర్వాత, ముందు ఆయన్నడిగి రాసుకోవాలి.

మీ అటక మీద ఏముంది?