మందు వికటించిన పిమ్మట

“మందు పడలేదు” అను మాట మన యిండ్లలో తరతరములుగా వినవచ్చుచున్నది. ఒంటిపై దద్దురులు లేచి రెండు దినములలో అణగిపోయినను ఆ మాటయే. చర్మము కాలినట్లు ఊడివచ్చి, కన్నులు మూతపడి, మనిషి నెలల తరబడి మంచము పట్టియున్నను ఆ మాటయే. మొదటిది మరచిపోదగినది. రెండవది ఒక సంసారపు గతినే మార్చివేయునది. దానిని గూడ “మా ఖర్మము” అని సరిపుచ్చుకొనుటచే బాధితుడు రెండుమారులు నష్టపోవుచున్నాడు: ఒకమారు దేహమునందు, మరియొకమారు హక్కునందు. పరాయిభాషల నడుమ కాపురముండు మనబోంట్లకు ఈ రెండవ నష్టము మరింత సులభముగా సంభవించును. కావున ఈ వారము ఈ విషయమును పాఠకుల దృష్టికి తేదలచితిమి.

ఔషధ వికారములలో మిక్కిలి భయంకరమైనవి స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్, టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలిసిస్ అనునవి. ఇవి రెండును ఒకే రోగమునకు తక్కువ, ఎక్కువ తీవ్రతలుగల రూపములు. మూర్ఛకు ఇచ్చు కార్బమజెపీన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్ అను మందులు, గౌటు కీళ్లనొప్పులకు ఇచ్చు అల్లోప్యూరినాల్, సల్ఫా జాతి మందులు దీనికి తరచుగా కారణములని వైద్యులు గుర్తించియున్నారు. ఇది అరుదైనదే. కాని వచ్చినయెడల మొదటి రూపమున నూటికి సుమారు పదిమంది, రెండవ రూపమున నూటికి ముప్పదిమంది, అంతకు పైబడియు, మరణించుచున్నారు. బ్రదికినవారి కష్టము ఆసుపత్రి గడప దాటినంతమాత్రమున తీరదు. కనురెప్పల అంచులు గట్టిపడి, కన్నీరింకి, నల్లగ్రుడ్డు ఒరసికొని చూపు మందగించును. కొందరికి పూర్తిగా పోవును. ఏండ్ల తరబడి కంటిచుక్కలు, తిరిగి తిరిగి శస్త్రచికిత్సలు, ఎండ సోకని గది, తోడు మనిషి – ఇవియన్నియు కావలసివచ్చును. పైగా ఆ మందును, దాని సంబంధమైన మందులను మరల జన్మలో తాకరాదు.

ఇట్టి ఆపద కలిగినప్పుడెల్ల నష్టపరిహారము లభించునా? లభింపదు. ఈ సత్యమును మొదటనే చెప్పుట మా విధి. తగిన మందు, తగిన మోతాదులో, తగిన హెచ్చరికతో ఇచ్చినను ఒకానొక దేహమునకు అది వికటింపవచ్చును. అందు వైద్యుని దోషము లేదు. దోషము లేనిచోట మన న్యాయస్థానములు సామాన్యముగా పరిహారము విధింపవు. దోషమెక్కడనున్నదని వెదకుటకు ప్రశ్నలు కొన్ని గలవు. పూర్వము ఆ మందు పడలేదని చెప్పినను మరల ఇచ్చిరా? మోతాదు మితిమీరెనా? దద్దురులు లేచిన పిమ్మటయు మందును ఆపక సాగించిరా? కంటివైద్యుని, చర్మవైద్యుని సకాలమున పిలిపించిరా? అపాయము సంగతి రోగికి తెలిసిన భాషలో చెప్పి సమ్మతి గైకొనిరా? వీనిలో ఒకదానికైనను సరియైన జవాబు రానియెడల విచారణ కోరుటకు ఆధారమున్నదన్నమాట. దౌర్జన్యమునకు మాత్రము ఎన్నడును ఆధారము లేదు. ఆసుపత్రి అద్దములు పగులగొట్టినవారికి పరిహారము రాలేదు సరికదా, కేసులు వచ్చినవి.

కోల్‌కతా వ్యాజ్యము ఈ తారతమ్యమును చక్కగా బోధించుచున్నది. 1998లో అమెరికానుండి స్వదేశమునకు వచ్చిన ఒక యువతికి చర్మముపై దద్దురులు లేచెను. డెపోమెడ్రాల్ అను దీర్ఘకాలము పనిచేయు స్టెరాయిడ్ మందును దినమునకు రెండుమారులు, మారునకు 80 మిల్లీగ్రాముల చొప్పున వాడించిరి. వ్యాధి టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలిసిస్‌గా పరిణమించి, ఆమె ఆ సంవత్సరము మే 28న ముంబయిలో కన్నుమూసెను. 2009లో సుప్రీంకోర్టు వైద్యుల నిర్లక్ష్యమును నిర్ధారించెను. 2013 అక్టోబరులో పరిహారమును సుమారు ఆరు కోట్ల రూపాయలుగా నిర్ణయించెను. గమనింపదగినదేమనగా, దద్దురులు లేచుట దోషముగా తేలలేదు. లేచిన పిమ్మట చికిత్స జరిగిన తీరు దోషముగా తేలెను. మరియు న్యాయము చేతికందుటకు పదునైదేండ్లు పట్టెను. ఈ పదునైదేండ్ల మాటను పాఠకులు మనసునందుంచుకొందురు గాక.

ఆ వ్యాజ్యమున రోగి బ్రదికియుండలేదు. బ్రదికియున్నవారి పోషణమును న్యాయస్థానము ఎట్లు లెక్కకట్టునో తెలిసికొనుటకు మందు వికటించినవి కాకపోయినను మరి రెండు తీర్పులను చూడవలెను. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో 1990లో శస్త్రచికిత్స పొందిన ఒక ఇంజనీరింగు విద్యార్థికి నడుము క్రిందిభాగము చచ్చుపడెను. జాతీయ వినియోగదారుల కమిషను 1999లో పదునైదున్నర లక్షలు ఇప్పించెను. 2009 మే నెలలో సుప్రీంకోర్టు దానిని కోటి రూపాయలకు పెంచెను. అందులో నర్సు నిమిత్తము నెలకు 4,000 రూపాయల చొప్పున ముప్పదియేండ్లకు 14 లక్షల 40 వేలు, వ్యాయామచికిత్సకు నెలకు 3,000 చొప్పున 10 లక్షల 80 వేలు చేరియున్నవి. ఆదరము గల తీర్పే. కాని 2009లో నాలుగువేలకు దొరకిన నర్సు 2039లో దొరకునా?

ఈ చిక్కునకు సమాధానము చెన్నపట్టణమునుండి వచ్చెను. 1996లో ఎగ్మూరు ప్రభుత్వ ఆసుపత్రిలో నెలలు నిండకయే పుట్టిన ఒక ఆడశిశువునకు కంటిపరీక్ష చేయింపవలెనని తల్లిదండ్రులకు ఎవరును చెప్పలేదు. బిడ్డ చూపు పోయెను. 2015 జూలై 1న ఆ తీర్పు చెప్పుచు సుప్రీంకోర్టు, రాబోవు ఖర్చులకు ధరల పెరుగుదలను గూడ లెక్కలోనికి తీసికొనవలెనని స్పష్టముగా పలికెను. గడచిన ఖర్చునకు సుమారు 43 లక్షలు, రానున్న ఖర్చునకు 1 కోటి 38 లక్షలు ఇప్పించెను. గడచినదానికంటె రానున్నది మూడురెట్లకు పైబడినదని పాఠకులు గమనింపవలెను. మన కుటుంబములు చేయు పొరపాటు ఇచ్చటనే యున్నది. ఆసుపత్రి బిల్లులను కూడి, ఆ మొత్తమునే అడిగి, అంతటితో తృప్తి చెందుచున్నారు.

కాబట్టి మేము నొక్కి చెప్పదలచిన దొక్కటే. పరిహారము బహుమానము కాదు, పగతీర్చుకొనుటయు కాదు. అది ఒక మనిషి మిగిలిన జీవితమునకు కావలసిన గ్రాసము. వకీలు గుమ్మము తొక్కకమునుపే ఇంటిలో కూర్చుండి ఆ గ్రాసపు పద్దు వ్రాసికొనవలెను. గడచిన బిల్లులు ఒక పుట. నెలనెలా మందులు, కంటిచుక్కలు మరియొక పుట. మున్ముందు కావలసిన శస్త్రచికిత్సలు, ప్రయాణములు, బసలు ఒక పుట. పోయిన సంపాదన ఒక పుట. తోడు మనిషి జీతము ఒక పుట. ప్రతి పుటకును వైద్యుని వ్రాతపూర్వకమైన అభిప్రాయము తోడుండవలెను. నేడు నెలకు పదివేలగు ఖర్చు, ధరలు ఏటా నూటికి ఆరు వంతున పెరిగినయెడల పండ్రెండేండ్లకు ఇరువదివేలు, ఇరువదినాలుగేండ్లకు నలుబదివేలు అగును. పద్దులో ఈ లెక్కయు చేర్చవలెను.

తోడు మనిషి పద్దు దగ్గర మనవారు మొగమాటపడుదురు. “తల్లి చూచుకొనుచున్నది, భార్య చూచుకొనుచున్నది, దానికి జీతమేమి?” అందురు. బీడీలు చుట్టుట మానినది, కుట్టుపని మానినది, బడిపంతులమ్మ పని మానినది ఎవరు? ఆ తల్లియే గదా! గృహిణి చాకిరికి ధనవిలువ గలదని సుప్రీంకోర్టు 2021లోను ఒక మోటారు ప్రమాదపు వ్యాజ్యమున పలికియున్నది. 2020లో అట్టిదే మరియొక వ్యాజ్యమున, పండ్రెండేండ్ల బాలికకు ఇద్దరు తోడు మనుష్యులు అవసరమని, ఒక్కొక్కరికి నెలకు ఐదువేల వంతున 21 లక్షల 60 వేలు విధించెను. వైద్య వ్యాజ్యములందు లెక్కకట్టు పద్ధతి వేరు కావచ్చును. తోడు మనిషి సేవకు వెల యున్నదను న్యాయము మాత్రమొక్కటే. అడుగుటకు సంకోచమేల?

ఇక విధానము. వినియోగదారుల రక్షణ చట్టము క్రింద వైద్యసేవయు వచ్చునని 1995లోనే తీర్పైనది. అందరికిని ఉచితముగా చికిత్సచేయు ఆసుపత్రి మాత్రము దీనిలోనికి రాదు. అట్టిచోట సివిలు కోర్టునకు గాని హైకోర్టునకు గాని పోవలెను. కొందరివద్ద రుసుము గైకొని కొందరికి ఉచితముగా చేయు ఆసుపత్రియైనచో ఉచితముగా చేరినవారును ఫిర్యాదు చేయవచ్చును. గడువు రెండేండ్లు. 2019 చట్టము మనకు చేసిన గొప్ప మేలొకటి గలదు: చికిత్స ఎచ్చట జరిగినను, బాధితుడు తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. బళ్లారినుండి హైదరాబాదునకును, బరంపురమునుండి విశాఖపట్టణమునకును, యానామునుండి కాకినాడకును వైద్యమునకై పోవు మనవారికి ఇది చిన్న సదుపాయము కాదు. చెల్లించిన రుసుము ఐదు లక్షలు దాటనిచో ఫిర్యాదునకు కోర్టు రుసుమే లేదు. స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత న్యాయసహాయము పొందు హక్కు 1987 నాటి చట్టము ప్రసాదించియున్నది.

కాగితములే ప్రాణము. 2002 నాటి వైద్యవృత్తి నియమముల ప్రకారము, అడిగిన 72 గంటలలో రోగి చికిత్సాపత్రములు ఇయ్యవలెను. లోపలి రోగుల పత్రములను మూడేండ్లు భద్రపరుపవలెను. గనుక వ్రాతమూలముగా అడిగి, అడిగినట్లు రసీదు ఉంచుకొనవలెను. మిగిలిన మాత్రలను, ఖాళీ అట్టలను, దుకాణపు బిల్లును పారవేయరాదు. దినదినమును ఫొటోలు తీసి తేదీ వ్రాసియుంచవలెను. మందు వికటించిన సంగతిని జాతీయ ఔషధ జాగరూకతా కార్యక్రమమునకు తెలుపవలెను. దానికి రోగులు నింపు పత్రము తెలుగులోను లభించుచున్నది. ఆ పత్రము పరిహారమును తేదు, కాని మరియొక ఇంటిని కాపాడవచ్చును.

భాష సంగతి వేరుగా చెప్పవలసియున్నది. అరవములోనో, కన్నడములోనో, ఒడియాలోనో, మరాఠీలోనో, ఆంగ్లములోనో ఉన్న సమ్మతి పత్రముపై మన ముసలివారు చదువకయే వ్రేలిముద్ర వేయుచున్నారు. రోగికి తెలిసిన భాషలో, అతనికి బోధపడునట్లు వివరింపవలెనని జాతీయ మానవ హక్కుల సంఘము 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రము చెప్పుచున్నది. ఆ పత్రము తనంత తాను చట్టము కాకపోయినను, దానిని చూపి అడుగుటకు మనకు నోరున్నది. కేంద్రమునందుగాని రాష్ట్రమునందుగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారులకు విన్నపము సమర్పించుకొను హక్కును రాజ్యాంగము 350వ అధికరణమున ఇచ్చినది. “ఈ మందు నాకు పడదు” అను నాలుగు మాటలు స్థానికభాషలోను ఆంగ్లములోను వ్రాసిన చీటీ బాధితుని జేబులో ఎల్లప్పుడు నుండవలెను.

పరిహారము చేతికి వచ్చినపిమ్మట అసలు పరీక్ష ఆరంభమగును. లక్షలు వచ్చెనని వినగానే బంధువులు వత్తురు. చెల్లెలి పెండ్లి, అన్నగారి అంగడి, సగములో నిలిచిన మేడ – అన్నిటికిని ఆ డబ్బే కానవచ్చును. ఇచ్చట కఠినముగా పలుకక తప్పదు: ఆ ధనము ఇంటిది కాదు, దెబ్బతిన్న మనిషిది. నిస్సహాయుల సొమ్ము వ్యర్థము కాకుండునట్లు దీర్ఘకాలపు డిపాజిట్టులో నుంచి వడ్డీని నెలనెలా ఇప్పింపవలెనని సుప్రీంకోర్టు 1993లో సూచించెను. యుక్తాయుక్తములు విచారింపక అందరికిని దీనిని యాంత్రికముగా వర్తింపజేయరాదని 2012లో మరల హెచ్చరించెను. కోర్టు ఆజ్ఞ లేకపోయినను కుటుంబమే ఆ కట్టుబాటు చేసికొనుట మేలు. నలుబది పాళ్లు, అంతకు మించియు అంగవైకల్యము కలిగినచో 2016 చట్టము క్రింద ధ్రువపత్రము పొందవలెను. తల్లిదండ్రుల తరువాత ఎవరు చూతురో వారు జీవించియుండగనే వ్రాతలో పెట్టవలెను.

తీర్పునకై వేచియుండి చికిత్సను ఆపరాదు. పదునైదేండ్లు కోర్టు ఆగవచ్చును, కన్ను ఆగదు. ఈ వ్యాధిచే దెబ్బతిన్న కన్నులకు ప్రత్యేకమైన కటకములను అమర్చు వైద్యము హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థలోను, చెన్నైలోని శంకర నేత్రాలయములోను అభివృద్ధి చెందియున్నది. ఎల్.వి. ప్రసాద్ సంస్థకు భువనేశ్వరములోను శాఖ గలదు గనుక ఒడిశాలోని మనవారు సలహాకై తొలుత అచ్చటికి పోవచ్చును.

మన సంఘములు పండుగలు చక్కగా జరుపుచున్నవి, పాఠశాలలకై పోరాడుచున్నవి. దానితోబాటు ప్రతి ఊరిలోను ఇద్దరు ముగ్గురు చదువుకొన్నవారు ఆసుపత్రి కాగితములను చదివిపెట్టుటకును, అర్జీలు వ్రాసిపెట్టుటకును, న్యాయసహాయ కార్యాలయమునకు తోడుపోవుటకును నియమింపబడవలెను. దీనికి చందాలక్కరలేదు; వారమునకు ఒక పూట చాలును. భాషాభిమానమనగా పద్యములు చదువుట మాత్రమే కాదు. తనవాడు తనకు తెలియని లిపిలో వ్రేలిముద్ర వేయుచుండగా, ఆగుమని అతని చేయి పట్టుకొని, అందేమున్నదో చదివి చెప్పుటయు భాషాభిమానమే.