మా పిల్లలకు ఏ లా కాలేజీ?

ఇంటర్ పాసైన పిల్లలు లా చదువుతమంటే మా ఇండ్లల్ల రెండే ప్రశ్నలు. కాలేజీ ఎంత దూరం? రోజూ పోవాల్నా? పోకున్నా నడిచే కాలేజీ దొరికితే అందరికీ ఖుషీ. ఇంజినీరింగ్ సీటు రానోళ్ల చదువే లా అని ఇంకా అనుకుంటున్నం. ఈ నిర్లక్ష్యానికి మూల్యం కడుతున్నది మనమే.

2008 అక్టోబర్‌ల భైంసా మండింది. పక్కనున్న వటోలిల ఒకే ముస్లిం కుటుంబానికి చెందిన ఆరుగురిని ఇంట్లనే కాల్చి చంపిన్రు. అసుమంటి రోజు ఏడుపు ఉర్దూల ఉంటది. ఫిర్యాదు తెలుగుల రాయాలె. హైకోర్టుల వాదన ఇంగ్లిషుల నడుస్తది. ఈ మూడు భాషలూ ఎరిగిన వకీలు మన మొహల్లాల ఎంతమంది ఉన్నరు?

మా రిజర్వేషన్ కథా కోర్టుదే. 2007ల చట్టమైన బీసీ-ఇ నాలుగు శాతాన్ని 2010ల హైకోర్టు కొట్టేసింది. అదే ఏడు సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతోనే అది బతికి బయటపడ్డది. మా పిల్లలు కాలేజీల కూసునే కుర్చీని కూడా వకీళ్లే కాపాడాలె.

'మెరిట్ ఉంటే నల్సార్‌కు పోండి' అని లౌకిక మిత్రులు సలహా ఇస్తరు. 1998ల పుట్టిన నల్సార్ శామీర్‌పేటల ఉన్నది. దాని దర్వాజా క్లాట్. ఆ పరీక్ష ఇంగ్లిషులనే. ఉర్దూ మీడియంల చదివిన నిర్మల్ పిల్లకు అది న్యాయశాస్త్రానికి పరీక్షా, ఇంగ్లిషుకు పరీక్షా?

'నిజాం కాలంల కోర్టు భాష మీదే గదా' అని ఎత్తిపొడుస్తరు. నిజమే. 1918ల మొదలైన ఉస్మానియాల చదువులు కూడా ఉర్దూలనే చెప్పిన్రు. కాని ఆ తరగతుల జాగీర్దార్ల కొడుకులు కూసున్నరు. దూది ఏకిన, టాంగా తోలిన మా తాతలు గాదు. అప్పుడు భాష ఉండి మేం లేం. ఇప్పుడు భాషా లేదు, మేమూ లేం.

కరీంనగర్‌ల శాతవాహన విశ్వవిద్యాలయం 2008ల వచ్చింది. అయినా ఏండ్ల తరబడి అండ్ల లా లేదు. వరంగల్ బస్సో హైదరాబాద్ బస్సో ఎక్కుడే. కొడుకునైతే ఎక్కిస్తం, బిడ్డను ఆపుతం. తలాక్ మీద 2017ల తీర్పొచ్చింది, 2019ల చట్టమొచ్చింది. మొగోళ్లందరు మాట్లాడిన్రు. ఎవరి బతుకు మీద ఆ చట్టమో ఆ పిల్ల మాత్రం నల్లకోటు తొడగొద్దా?

గందుకే కాలేజీని అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నయి. బార్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నదా? నిబంధన ప్రకారం 70 శాతం హాజరు నిజంగ తీసుకుంటరా, కాగితం మీదనే రాస్తరా? అయిదేండ్ల కోర్సుల 20 వారాల ఇంటర్న్‌షిప్‌కు పిల్లల్ని వకీళ్ల దగ్గరికి పంపుతరా? మూట్ కోర్టుల నిలబెట్టి మాట్లాడిస్తరా? ఆడపిల్లలకు హాస్టల్ ఉన్నదా? మనోళ్లు పెట్టిన కాలేజైనా సరే, సర్కారుదైనా సరే, వీటికి జవాబు చెప్పనిదాన్ని వదిలేయండి.

హాజరు లేకుండ వచ్చిన డిగ్రీ గోడకు ఫ్రేమైతది. మెజిస్ట్రేటు ముందల నోరు పెగలదు. మనకు కావాల్సింది గోడ మీద పటం గాదు, ఠాణాల మన ఫిర్యాదు రాయనంటే ఏ సెక్షన్ కింద రాయవని నిలదీసే మనిషి.